ఆపరేషన్ ఉచితం, కేబుల్ కొనుక్కోవాలి: నరాల పరికరాల మార్కెట్ పెరుగుదలలో ఉత్తరాంధ్ర వాటా ఏంటి?

క్లుప్తంగా: మెదడుకి, నరాలకి కరెంటు సంకేతాలు పంపి, లేదా వాటి సంకేతాలను చదివి, పోయిన పనిని తిరిగి తెప్పించే పరికరాలను న్యూరోప్రోస్థెటిక్స్ అంటున్నారు. వీటి మార్కెట్ ప్రపంచమంతా వేగంగా పెరుగుతోంది. వార్తల్లో కనిపించేది మెదడులో చిప్, కానీ అమ్మకాల డబ్బు వస్తున్నది మాత్రం 30, 40 ఏళ్లుగా వాడుతున్న పాత పరికరాల నుంచే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మార్కెట్ ఎప్పుడో అడుగుపెట్టింది, పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ రూపంలో. మార్కెట్ లెక్కలు ఆపరేషన్ రోజును లెక్కేస్తాయి. ఆ తర్వాత ఆ పరికరంతో గడపాల్సిన ఏళ్ల ఖర్చు మాత్రం కుటుంబం లెక్కలోనే ఉంటుంది.

ఒక్కో రిపోర్టుకి ఒక్కో అంకె ఎందుకు?

2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీ మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్ పెట్టింది. మెడ కింది నుంచి శరీరం పడిపోయిన ఆ యువకుడు ఆలోచనతోనే ల్యాప్‌టాప్‌లో చదరంగం ఆడటం లోకమంతా చూసింది. అప్పటి నుంచి "న్యూరో మార్కెట్ ఇన్ని వందల కోట్ల డాలర్లకు చేరబోతోంది" అనే వార్తలు వరస కట్టాయి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాత్రం అంకెలు అస్సలు కలవవు, ఒకదానికి ఇంకోటి రెండింతలు కూడా ఉంటుంది. ఎవరో అబద్ధం చెబుతున్నారని కాదు, ఎవరు దేన్ని లెక్కలో వేసుకున్నారన్నదే తేడా. ఒకరు వెన్నెముక దగ్గర పెట్టే నొప్పి పరికరాలను ఇందులో కలుపుతారు, ఇంకొకరు వాటిని న్యూరోమాడ్యులేషన్ అనే వేరే పద్దులో వేస్తారు. కండరాల సంకేతంతో కదిలే మోటారు చేతిని కొందరు కలుపుతారు, కొందరు కలపరు. జైపూర్ కాలు మాత్రం ఎవరి లెక్కలోనూ రాదు, ఎందుకంటే దానికి నరంతో సంబంధం లేదు. ఏటా రెండంకెల శాతం పెరుగుదల ఉంటుందని చాలా రిపోర్టులు చెబుతున్నాయి. అంకెను పక్కన పెట్టి లోపల ఏమేం ఉన్నాయో చూస్తేనే విషయం తెలుస్తుంది.

లోపల ఉన్న పెద్దవాటిలో ఒకటి కాక్లియర్ ఇంప్లాంట్. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే ఎఫ్.డి.ఎ. దానికి 1984లో అనుమతి ఇచ్చింది, 2022 నాటికి ప్రపంచవ్యాప్తంగా 10 లక్షలకు పైగా అమర్చారు. వణుకుడు జబ్బుకి, అంటే పార్కిన్సన్స్‌కి, మెదడు లోతుల్లో తీగ పెట్టే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డి.బి.ఎస్.) ఇంకోటి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ అలీం లూయీ బెనాబిద్ 1987లో మొదలుపెట్టిన పద్ధతి అది. తీరని నొప్పికి వెన్నుపాము దగ్గర పెట్టే పరికరం 1967 నుంచే ఉంది. మూర్ఛకి మెడలోని వేగస్ నరాన్ని ప్రేరేపించే పరికరానికి 1997లో అనుమతి వచ్చింది. మెదడు చిప్పులు ఈ వరసలో చిట్టచివర వస్తాయి, అవి ఎక్కువగా ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. వాటిలోకి పెట్టుబడి మాత్రం వరదలా వస్తోంది, న్యూరాలింక్ ఒక్కటే 2025 జూన్‌లో 65 కోట్ల డాలర్లు సేకరించింది. పెట్టుబడి వేరు, అమ్మకం వేరు. వార్తల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్లే చదివేవాళ్లకి అయోమయం.

వీణ మెట్లు, చెవిలో ఎలక్ట్రోడ్లు

ఈ పరికరాలు ఎలా పనిచేస్తాయో తెలియాలంటే బొబ్బిలి వీణను గుర్తు చేసుకుంటే చాలు. వీణ మీద 24 మెట్లు ఉంటాయి. ఏ మెట్టు దగ్గర తీగ నొక్కితే ఆ స్వరం పలుకుతుంది, అంటే స్వరాన్ని నిర్ణయించేది చోటు. చెవి లోపల నత్తగుల్లలా చుట్ట చుట్టుకుని ఉండే కాక్లియా కూడా అచ్చం ఇలాగే పనిచేస్తుంది. గుల్ల మొదట్లో సన్నని, హెచ్చు స్వరాలు, లోపలికి పోయేకొద్దీ బొంగురు స్వరాలు. మామూలు చెవిలో ఆ దారి పొడవునా సుమారు 3,500 లోపలి కేశ కణాలు ఉండి, ఒక్కో చోట కలిగిన కదలికను నరానికి అందిస్తాయి. పుట్టుచెవుడు ఉన్న పిల్లల్లో చాలామందికి పాడయ్యేది ఈ కణాలే, నరం బాగానే ఉంటుంది. అందుకే చెవి మెషిన్ (హియరింగ్ ఎయిడ్) శబ్దాన్ని ఎంత పెంచినా వీళ్లకి లాభం ఉండదు, పెంచిన శబ్దాన్ని అందుకునేవాళ్లు లోపల లేరు.

కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను దాటేసి నేరుగా నరాన్ని తడుతుంది. చెవి మీద తగిలించే ప్రాసెసర్‌లో మైక్ ఉంటుంది, అది విన్న శబ్దాన్ని స్వరాల వారీగా విడగొడుతుంది. ఆ సమాచారం సన్నని కేబుల్ మీదుగా తల వెనక అయస్కాంతంతో అతుక్కునే కాయిల్‌కి వెళ్తుంది. కాయిల్ దాన్ని చర్మం మీదుగా లోపలి భాగానికి రేడియో తరంగాలతో పంపుతుంది, లోపలి భాగం కాక్లియాలో దూర్చిన ఎలక్ట్రోడ్లకు కరెంటు ఇస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన కాక్లియర్ కంపెనీ పరికరంలో ఎలక్ట్రోడ్లు 22, అడ్వాన్స్డ్ బయోనిక్స్‌లో 16, ఆస్ట్రియా కంపెనీ మెడ్-ఎల్‌లో 12 జతలు. 3,500 కణాల పనిని పాతిక లోపు చోట్లతో చేయించడమన్నమాట.

అందుకే దీనితో మాట బాగా అర్థమవుతుంది, పాట మాత్రం కష్టమవుతుంది. వీణలో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న నాదాన్ని తీగ లాగి గమకంగా పలికిస్తారు. ఇంప్లాంట్‌లో ఎలక్ట్రోడ్‌కీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటు ఒకదానిలోకి ఒకటి చిందుతుంది, దాంతో ఆ మధ్య స్వరాలు అలికినట్టు వినిపిస్తాయి. ఎలక్ట్రోడ్ల సంఖ్య పెంచినంత మాత్రాన ఇది తీరదు. మాటను గుర్తుపట్టడానికి మాత్రం మెదడుకి ఇంత సమాచారమే చాలు. పుట్టాక తొందరగా ఇస్తేనే సుమా. మూడున్నర ఏళ్ల లోపు పెట్టిన పిల్లల్లో మెదడు వినికిడి భాగం దాదాపు మామూలుగా ఎదుగుతుందనీ, ఏడేళ్లు దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుందనీ పరిశోధనలు తేల్చాయి. శబ్దం రాకపోతే ఆ భాగాన్ని మెదడు చూపు వంటి వేరే పనులకు వాడేసుకుంటుంది.

డి.బి.ఎస్.లో సంగతి వేరు. అక్కడ కొత్త సమాచారం పంపడం ఉండదు, పార్కిన్సన్స్ వల్ల లయ తప్పిన మెదడు వలయాన్ని సెకనుకు సుమారు 130 సార్లు తట్టే కరెంటుతో అదుపులోకి తెస్తారు. బ్యాటరీ కాలర్ బోన్ కింద చర్మంలో ఉంటుంది. ఛార్జింగ్ లేని రకమైతే కొన్నేళ్లకోసారి చిన్న ఆపరేషన్ చేసి మార్చాలి, ఛార్జింగ్ రకం ఎక్కువ కాలం వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మెడ్‌ట్రానిక్ కంపెనీకి అమెరికాలో అనుమతి వచ్చిన కొత్త రకం మెదడు సంకేతాలను తనే చదువుకుని కరెంటును ఎప్పటికప్పుడు హెచ్చు తగ్గులు చేసుకుంటుంది.

పెరగడానికి కారణాలు

మొదటిది వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో పార్కిన్సన్స్‌తో ఉన్నవాళ్లు 85 లక్షల పైమాటే. వినికిడి సాయం అవసరమైన స్థాయిలో చెవుడు ఉన్నవాళ్లు ఇప్పుడు 43 కోట్లు, 2050కి 70 కోట్లు దాటుతారని అదే సంస్థ అంచనా. ధనిక దేశాల్లో వయసు మీద పడి చెవుడు వచ్చిన పెద్దలే ఇప్పుడు కంపెనీల అసలు గురి, మన దగ్గర మాత్రం ఇంప్లాంట్ అంటే దాదాపుగా పిల్లల వ్యవహారమే.

రెండోది, ఉన్న పరికరానికి కొత్త జబ్బు కలపడం. నడుం నొప్పికి వాడే వెన్నుపాము పరికరానికి 2021లో అమెరికాలో షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పి కూడా జత అయింది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లతో రాత్రిళ్లు నిద్రపట్టని షుగర్ పేషెంట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి, ఒక్క అనుమతితో కొనేవాళ్ల సంఖ్య ఎంత పెరుగుతుందో ఊహించొచ్చు. అయితే అనుమతి వచ్చినంత మాత్రాన అమ్ముడుపోదు. ఆ అనుమతి తెచ్చుకున్న నెవ్రో కంపెనీ తర్వాత గడ్డు రోజులు చూసి, 2025లో సుమారు 25 కోట్ల డాలర్లకు ఇంకో కంపెనీ చేతికి వెళ్లిపోయింది. డబ్బు కట్టే ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోవాలి, డాక్టర్లు నమ్మాలి, ఫలితం నిలబడాలి. ఈ మూడూ కుదరకపోతే మార్కెట్ రిపోర్టులోని గీత కాగితం మీదే పైకి పోతుంది.

మూడోదాని గురించి ఎక్కువమంది మాట్లాడరు, నిజానికి ఈ వ్యాపారానికి ప్రాణం అదే. లోపల పెట్టిన భాగం దశాబ్దాలు ఉంటుంది, బయట ఉండే ప్రాసెసర్ అలా ఉండదు. పాతబడుతుంది, కొత్త మోడల్ వస్తుంది, పాత మోడల్‌కి కొన్నాళ్లకు రిపేరు ఆపేస్తారు. కాక్లియర్ కంపెనీ తన వార్షిక లెక్కల్లో సర్వీసెస్ అని ప్రత్యేకంగా ఒక పద్దు చూపిస్తుంది, పాత ప్రాసెసర్ బదులు కొత్తది కొనే అమ్మకాలు అందులోకి వస్తాయి. ఒకసారి ఒక కంపెనీ ఇంప్లాంట్ పెట్టించుకున్న మనిషి బతికినంత కాలం బయటి భాగాన్ని ఆ కంపెనీ దగ్గరే కొనాలి, ఒకరి ప్రాసెసర్ ఇంకొకరి ఇంప్లాంట్‌కి పనిచేయదు. ఇన్వర్టర్ బ్యాటరీలాగా బజార్లో ఏది దొరికితే అది తెచ్చి పెట్టుకునే వీలు లేదు.

కంపెనీ పోతే పరికరం ఏమవుతుంది?

దీనికి చేదు ఉదాహరణ అమెరికాలోనే ఉంది. సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 పేరుతో కంటి రెటీనా మీద పెట్టే 60 ఎలక్ట్రోడ్ల పరికరం తయారుచేసింది. 2013లో ఎఫ్.డి.ఎ. అనుమతి వచ్చింది, ధర సుమారు లక్షన్నర డాలర్లు. చూపు పూర్తిగా పోయినవాళ్లకి వెలుగు, గుమ్మం, రోడ్డు అంచు లాంటివి మసగ్గా తెలిసేవి. సుమారు 350 మంది పెట్టించుకున్నారు. కంపెనీ 2019లో తయారీ ఆపేసింది, 2020లో దాదాపు మూతపడే దాకా వచ్చింది. పరికరం చెడితే బాగుచేసేవాళ్లు లేక, సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లు లేక, కంట్లో పనిచేయని పరికరంతో మిగిలిపోయినవాళ్లు ఉన్నారు. పరికరం పనిచేయడం శాస్త్రం సంగతి, పనిచేస్తూ ఉండటం కంపెనీ ఆర్థిక పరిస్థితి సంగతి అని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మెదడు చిప్ కంపెనీల్లో చాలా వరకు ఇంకా అమ్మకాలు లేకుండా పెట్టుబడి మీదే నడుస్తున్నాయి, అందువల్ల ఈ ప్రశ్న వాటికి ఇంకా గట్టిగా తగులుతుంది.

శ్రీకాకుళంలో 2007 నుంచి

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడతలో ఉన్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతా రెండూ అనంతపురం, మహబూబ్‌నగర్. పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. తొలి ఏళ్లలోనే చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ ఈ పథకంలోకి వచ్చింది. కేంద్రం వైపు నుంచి వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే ఎడిప్ పథకం ఉంది, దాని కింద కూడా ఇంప్లాంట్‌కి సాయం అందుతుంది. ఈ పథకాలే లేకపోతే కూలి పనికి హైదరాబాదో చెన్నయ్యో పోయే కుటుంబం, వేటకి గుజరాత్ వెళ్లే మత్స్యకార కుటుంబం ఈ ఆపరేషన్ గురించి ఆలోచించే వీలే లేదు. ప్రభుత్వ డబ్బు ఒక జీవితాన్ని ఇంత నేరుగా మార్చిన సందర్భాలు తక్కువ.

పుట్టుచెవుడుకి ఇక్కడ ఉన్న కారణాల్లో మేనరికం ఒకటి. చెవుడు కలిగించే జన్యువుల్లో చాలా వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు కాపీలు కలిస్తేనే చెవుడు వస్తుంది. ఒకే తాత ముత్తాతల నుంచి వచ్చిన ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ, అలా ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ చక్కగా వింటారు కాబట్టి బిడ్డ మీద అనుమానం రాదు. చప్పుడు చేస్తే పిల్లాడు తిరగట్లేదని అమ్మ అంటే, "గుంటడికి మాటలు లేటుగా వస్తాయిలే, వాళ్ళ నాన్నకీ అంతే" అనే మాటతో ఏడాది గడిచిపోతుంది. స్టీలు గిన్నె కింద పడితే ఉలిక్కిపడ్డాడు కదా అంటారు. నిజానికి ఆ బిడ్డకి తెలిసింది చప్పుడు కాదు, నేల అదురు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో చెవుడును వెతకాల్సి ఉంది. పుట్టిన ఆసుపత్రిలోనే లోపలి చెవి స్పందనను చూసే ఓ.ఏ.ఈ. పరీక్ష, అనుమానం ఉంటే శబ్దం నరం మీదుగా మెదడుకి చేరుతోందా అని చూసే బెరా పరీక్ష జరిగితే ఏడాది లోపే తేలిపోతుంది. అక్కడ తప్పిపోతే మూడున్నరేళ్ల గడువు చేజారుతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన పరికరం పెట్టినా పోయిన కాలం తిరిగి రాదు.

ఇక ఆపరేషన్ తర్వాత. మూడు నాలుగు వారాలకు స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు చాలామంది పిల్లలు ఏడుస్తారు, అది విన్నట్టు గుర్తు. తర్వాత మ్యాపింగ్, అంటే ఏ ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో సరిచూడటం, మొదటి ఏడాది చాలాసార్లు చేయాలి. దాంతో పాటు వినడం, పలకడం నేర్పే థెరపీ వారానికి ఒకటి రెండుసార్లు ఉంటుంది. విజయనగరం నుంచి విశాఖ అంటే పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి రావచ్చు. మందస, సోంపేట నుంచి అయితే ఒక రోజు కూలి పోతుంది, రైలు ఛార్జీ, పిల్ల తిండి, తోడొచ్చే మనిషి ఖర్చు దానికి అదనం. థెరపీ మధ్యలో ఆగిపోయే కేసులకు ఇది పెద్ద కారణం.

ఆ మెషిన్ ఇంట్లో ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూస్తే ఖర్చు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. పొద్దున్నే తల్లి పిల్ల జుట్టు పాయ తీసి, చెవి వెనక కాయిల్‌ని పెడుతుంది, అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది. మైక్ మీద నూనె అంటకుండా తలకి నూనె తక్కువ రాస్తుంది. కాయిల్‌నీ ప్రాసెసర్‌నీ కలిపే కేబుల్ అగ్గిపుల్ల కంటే సన్నం. పిల్లలు ఆటల్లో లాగినా, పడుకునేటప్పుడు మడత పడినా లోపలి తీగ తెగుతుంది, బయటికి మాత్రం ఏమీ కనపడదు. రాత్రికి మెషిన్‌ని సిలికా జెల్ గోళీలున్న డబ్బాలో పెట్టి మూత వేస్తారు, నీలం గోళీలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ ఎక్కినట్టు. భోగాపురం, పూసపాటిరేగ, కవిటి లాంటి సముద్రపు గాలి తగిలే మండలాల్లో కిటికీ ఊచలే త్వరగా తుప్పు పడతాయి. చెమటతో, ఉప్పు గాలితో ఈ పరికరం కాంటాక్టులు పాడవడం ఆశ్చర్యం కాదు. లోపలి భాగానికి సాధారణంగా 10 ఏళ్ల వారంటీ ఉంటుంది, బయటి మెషిన్‌కి అంతకంటే చాలా తక్కువ, కేబుల్‌కి ఇంకా తక్కువ. వారంటీ అయ్యాక కేబుల్, కాయిల్, బ్యాటరీ అన్నీ కొనుక్కోవాల్సిందే. డబ్బు సర్దుబాటు అయ్యేదాకా మెషిన్ డబ్బాలోనే ఉంటే, ఆ నెలలన్నీ పిల్ల మళ్లీ నిశ్శబ్దంలోకి వెళ్లిపోతుంది, బడిలో వెనకబడుతుంది.

ధర తగ్గించిన దేశాలు ఏం చేశాయి?

చైనా ఈ మధ్యే ఒక పెద్ద అడుగు వేసింది. కాక్లియర్ ఇంప్లాంట్లను దేశమంతటికీ కలిపి టోకున కొనే పద్ధతిలోకి 2024 చివర్లో తెచ్చింది. 2 లక్షల యువాన్లకు పైగా ఉన్న సెట్టు ధర సుమారు 50 వేల యువాన్లకు దిగింది. ఇది సాధ్యపడటానికి ఒక కారణం కొనుగోలు పరిమాణం, ఇంకో కారణం స్వదేశీ పోటీ. హాంగ్‌జౌలోని న్యూరోట్రాన్ కంపెనీకి 2011లోనే అక్కడ అనుమతి ఉంది.

మన దేశంలో దీనికి దగ్గరగా జరిగింది గుండె స్టెంట్ల విషయంలో. 2017 ఫిబ్రవరిలో ధరలకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టి, మందు పూసిన స్టెంట్‌ని 29,600 రూపాయలకు తెచ్చింది. స్టెంట్ ఒకసారి పెడితే దానికి కేబుల్ ఉండదు, మ్యాపింగ్ ఉండదు, అందుకే ఒక్క ధర పరిమితితో పని అయిపోయింది. కాక్లియర్ ఇంప్లాంట్‌లో సెట్టు ధర తగ్గించి విడిభాగాలను వదిలేస్తే భారం ప్రభుత్వం మీద నుంచి కుటుంబం మీదికి జరుగుతుంది, అంతే. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి, ఏడాదిలో 10 శాతానికి మించి ఎం.ఆర్.పి. పెంచకూడదన్న నియమం వర్తిస్తుంది. అయితే అది ఉన్న ధరను పెరగకుండా ఆపుతుందే గానీ తగ్గించదు.

ఇక్కడ విశాఖ ప్రస్తావన రాక తప్పదు. రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.కి చెందిన విశాఖలోని ఎన్.ఎస్.టి.ఎల్., నీటి అడుగున శబ్దాన్ని అర్థం చేసుకోవడంలో ఆరితేరిన ప్రయోగశాల, స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పిల్లలకు విరివిగా అందే సరుకుగా అది ఇంకా మారలేదు. ఎలక్ట్రోడ్ తయారుచేయడం ఒక ఎత్తు, మనిషి శరీరంలో దశాబ్దాలు నీరు చొరబడకుండా ఉండే సీలు, క్లినికల్ ట్రయల్స్, జిల్లాకో సర్వీసు సెంటర్ ఇంకో ఎత్తు. అదే విశాఖలో 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల పరీక్షలకు, తయారీకి కావలసిన వసతులతో నడుస్తోంది. శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ప్రయోగశాలా ఉంది, ఫ్యాక్టరీ వసతీ ఉంది. మొత్తం ఇంప్లాంట్ సంగతి తర్వాత, కనీసం కేబుళ్లు, డ్రై బాక్సులు, ఛార్జర్లు అక్కడ తయారైతే ఈ జిల్లాల కుటుంబాలకు పడే తేడా చాలా ఎక్కువ. దానికి కూడా కంపెనీల కనెక్టర్ డిజైన్ల మీద ఉన్న హక్కులు అడ్డం వస్తాయి, ఆ అడ్డం టెండరు షరతుల్లోనే తేల్చుకోవాల్సింది.

రాబోయే ఏళ్లు

మెదడు చిప్ ఉత్తరాంధ్ర ఆసుపత్రులకి వచ్చే సూచన దగ్గర్లో లేదు. డి.బి.ఎస్. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల జరుగుతోంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, శ్రీకాకుళంలో అంతకు ముందే ఉంది. నరాల జబ్బులను ముందుగా గుర్తుపట్టి పైకి పంపే పని ఈ రెండు చోట్ల బలపడితే వణుకుడు జబ్బున్న పెద్దవాళ్లకి వరస మారుతుంది, "ముసలితనం కదా" అని ఇంట్లో కూర్చోబెట్టేయడం తగ్గుతుంది.

పిల్లల విషయంలో మాత్రం గడియారం ఎప్పుడో మొదలైంది. 2010లో మూడేళ్ల వయసులో ఆపరేషన్ అయిన బిడ్డకి 2026లో 19 ఏళ్లు. ఇంటరో డిగ్రీయో చదువుతూ, ఉద్యోగ పరీక్షలకు ఫారాలు నింపే వయసు. లోపలి భాగం అప్పటిదే, ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. బయటి ప్రాసెసర్ మోడల్ మాత్రం ఈపాటికి రెండు మూడు తరాలు వెనకబడి ఉంటుంది, దానికి విడిభాగాలు దొరకడం రోజురోజుకీ కష్టమవుతుంది. పథకం తొలి ఏళ్ల పిల్లలందరూ దాదాపు ఒకేసారి ఈ దశకి చేరుకుంటున్నారు. కంపెనీల భాషలో ఇది అప్‌గ్రేడ్ మార్కెట్, పెరుగుదల అంచనాల్లో ఇప్పటికే కలిపేసిన అమ్మకం. ఇంప్లాంట్ కొనే టెండరులోనే పదేళ్ల తర్వాతి ప్రాసెసర్ ధర, విడిభాగాల ధర, జిల్లా కేంద్రంలో రిపేరు వసతి రాయించుకుంటే ఆ బిల్లు ముందే తెలిసిన బిల్లు అవుతుంది. రాయించుకోకపోతే, ఒక్కో ఇంట్లో కేబుల్ తెగిన రోజున అది తలుపు తడుతుంది.